ఏ వైరూ తగిలించని కార్డు

దెయ్యాల కథలు ఎవరైనా చెబితే నేను శ్రద్ధగా వింటాను. భయపడి కాదు, లూజ్ కాంటాక్ట్ ఎక్కడుందో కనిపెడదామని. ఇరవై ఆరేళ్ళుగా యానాంలో కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. దానంతట అదే ఆన్ అయ్యే మిషన్లు, ఎవరూ ముట్టుకోకుండా అక్షరాలు పడే కీబోర్డులు, ఉన్నట్టుండి మూలిగే స్పీకర్లు, అన్నీ నా బల్ల మీదికొచ్చాయి. అన్నిటికీ కారణం దొరికింది. మూలిగే స్పీకర్లో బల్లి దొరికింది.

అందుకే ఇది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను చూడనిదేదైనా మీకు కనబడితే నిజంగా చెప్పండి, కోపం తెచ్చుకోను.

మా షాపు ఫరంపేటలో. ముందు గదిలో రిపేర్లు చేస్తాను, వెనక గదిలో నా పిచ్చి ఉంటుంది. పాత కంప్యూటర్లలోని కార్డులు పోగేయడం ఆ పిచ్చి. ఇప్పుడంటే అన్నీ ఒకే బోర్డు మీద వచ్చేస్తున్నాయి గానీ, అప్పట్లో ఒక్కో పనికి ఒక్కో కార్డు గుచ్చాల్సి వచ్చేది. పాటలకి ఒకటి, ఫోన్ లైనుకి ఒకటి, స్కానరుకి ఒకటి. పేరూ ఊరూ లేని కార్డు చేతికొస్తే అది ఒకప్పుడు ఏం పని చేసేదో కనిపెడితే గాని నాకు నిద్ర పట్టదు. చిప్పుల మీద నంబర్లు చదువుతాను, వెనక సాకెట్టుకి ఎన్ని పిన్నులున్నాయో లెక్కపెడతాను, భూతద్దం పెట్టి రాగి గీతలు ఎటు పోతున్నాయో చూస్తాను. మా ఆవిడ సుజాత ఆ గదిని మార్చురీ అంటుంది. పోస్ట్‌మార్టం అయితే అన్నానికి రమ్మంటుంది.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక ఒకరోజు పొద్దున రూతమ్మ గారు ఆటోలో ఒక పాత కంప్యూటర్ వేసుకుని వచ్చారు. కనకాలపేటలో ఉంటారు. భర్త ప్రకాశరావు మాస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆయన పోయి మూడేళ్ళవుతోంది.

"బాగు చెయ్యక్కర్లేదండి," అన్నారావిడ కుర్చీలో కూర్చోకుండానే. "ఇందులో ఏదో కార్డుందంట. పాత సామాన్లవాడు మూత విప్పి, ఇదేంటో నాకు తెలీదు, ఫరంపేటలో అడగండన్నాడు. అది నీళ్ళు కొలిచేదా, కాదా? అంత చెప్తే చాలు."

నీళ్ళు కొలిచే కార్డు నా సర్వీసులో నేను చూడలేదు. ఎప్పటికి కావాలమ్మా అని అడిగాను. వచ్చే నెల మొదటి శనివారం ఇంట్లో కూడిక ఉంది, ఆ లోపల చెప్పమని వెళ్ళిపోయారు.

అసలు సంగతి మధ్యాహ్నం అన్నం తింటుంటే సుజాత చెప్పింది. తను మాస్టారున్న స్కూల్లోనే కొన్నాళ్ళు పనిచేసింది. మాస్టారు పన్నెండేళ్ళ పాటు స్కూటరేసుకుని గోదారి చివర చేపలవాళ్ళ పల్లె దరియాలతిప్పకి వెళ్తుండేవారట. ఒకరోజు పదింటికి వెళ్తే మర్నాడు పదకొండింటికి, ఇంకోరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో. స్కూలుంటే పర్మిషను పెట్టి మరీ పోయేవారు. ఎందుకని అడిగితే పోటు నీళ్ళు కొలుస్తున్నానని చెప్పేవారు. అక్కడ నూకాలమ్మ అనే ఆవిడ ఉండేది, భర్త లేడు. ఈ కంప్యూటరు ఆ పన్నెండేళ్ళూ ఆవిడ వరండా గదిలోనే ఉంది. ఇంక ఊరికి అంతకంటే ఏం కావాలి?

రూతమ్మ గారు గొడవ పడలేదట. కొన్నాళ్ళు అడిగి, తర్వాత అడగడం మానేశారు. ఒకే ఇంట్లో ఉండి ఉప్పు, పప్పు మాటలు తప్ప వేరే మాటల్లేకుండా బతికారు. పెద్ద గాలివానకి తిప్పలో ఆయన కట్టుకున్నదంతా కొట్టుకుపోయింది. అప్పుడు మిషను ఇంటికి తెచ్చి దుప్పటి కప్పారు.

వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ ఇళ్ళల్లో మనిషి పోయాక ఏటా జ్ఞాపకార్థ కూడిక పెడతారు. భార్య గానీ భర్త గానీ లేచి, పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెప్పాలి. మొదటి రెండేళ్ళూ రూతమ్మ గారు ఒంట్లో బాగాలేదని లోపల పడుకున్నారట. ఈసారి పాస్టరు గారు ముందే వచ్చి, అమ్మా మీరు చెప్పాలి అన్నారు.

"దేవుడి ముందు నిలబడి తెలీని సంగతి ఎలా చెప్తుందండీ ఆవిడ?" అంది సుజాత. "మంచోడంటే అబద్ధమేమో. కాదంటే అదీ అబద్ధమేమో."

సరదాగా చేసుకునే పని ఒక మనిషి మానం మీదికి వచ్చి కూర్చుంది.

సాయంత్రం మూత విప్పాను. లోపల దుమ్ము, ఎండిన సాలెగూడు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్క్రూలు. హార్డ్ డిస్క్ బిగుసుకుపోయింది, అందులోంచి ఒక్క అక్షరం రాలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. తెలిసిన కార్డులు రెండు, వాటి పక్కన మూరెడు పొడుగున్న మూడో కార్డు. తయారుచేసినవాళ్ళు ఎవరూ కాపీ కొట్టకుండా ముఖ్యమైన చిప్పుల మీద నంబర్లు గీకేశారు. వెనక ముప్ఫై ఏడు పిన్నుల సాకెట్టు ఉంది, దానికి ఏ వైరూ లేదు.

మొదట స్కానరుదనుకున్నాను. కాదు. ఫ్యాక్టరీ మోటార్లని నడిపేదేమో అనుకున్నాను, అలాంటివాటికి ఉండాల్సిన రిలే స్విచ్చులు దీనికి లేవు. నాలుగు రోజులు భూతద్దంతో కుస్తీ పట్టాను. పాత కంప్యూటర్ల పిచ్చోళ్ళ గ్రూపొకటి ఆన్‌లైన్లో ఉంది, అందులో ఫోటోలు పెట్టాను. తలా ఒకటి చెప్పారు. ఒకాయన మాత్రం సాకెట్టు దగ్గర వరుసగా ఉన్న చిన్న చిప్పులు చూపించి, పదహారు దారుల్లో వచ్చే కరెంటుని ఒక్కొక్కటిగా కొలిచి అంకెగా మార్చే కార్డు ఇది, ల్యాబుల్లో వాడేవారు అన్నాడు. గీతలు మళ్ళీ చూశాను. ఆయన చెప్పింది నిజమే. నాకే తట్టనందుకు ఒళ్ళు మండింది.

రూతమ్మ గారికి ఫోన్ చేసి, ఇది కొలిచే కార్డేనమ్మా అని చెప్పాను. నీళ్ళేనా అని అడిగారు. దీని వైరు చివర ఏం తగిలిస్తే అది కొలుస్తుంది, వేడి తగిలిస్తే వేడి, నీళ్ళు తగిలిస్తే నీళ్ళు, వైరు లేదు కాబట్టి ఏం కొలిచారో కార్డుని చూసి చెప్పలేను అన్నాను.

"అంటే మీరూ చెప్పలేరన్నమాట," అని పెట్టేశారు. ఆ మాట నన్ను రోజంతా పొడుస్తూనే ఉంది.

తిరిగిచ్చే ముందు కార్డు బతికే ఉందో లేదో చూద్దామని ఫ్లాపీ మీంచి మిషను లేపి, పదిహేను లైన్ల చిన్న ప్రోగ్రాం రాశాను. పది నిమిషాలకోసారి పదహారు ఇన్‌పుట్లూ చదివి స్క్రీన్ మీద, ఫ్లాపీలో అంకెలు వెయ్యాలి, అంతే. ఏ వైరూ లేని ఇన్‌పుట్ ఎలా ఉంటుందంటే, గాలిలో ఉన్న కరెంటు గోల పీల్చుకుని పిచ్చి అంకెలు చూపిస్తుంది. ఒకసారి పన్నెండు వందలు, మరుక్షణం మూడు వేలు. పదిహేను ఇన్‌పుట్లు అలాగే ఉన్నాయి.

మూడోది అలా లేదు. నిదానంగా ఎక్కుతోంది. పదకొండు వందల దగ్గర మొదలై, గంటలు పట్టి, రెండు వేల చిల్లర దాకా పోయింది. అక్కడ కాసేపు ఆగి, అంతే నిదానంగా దిగింది.

కరెంటు ఓల్టేజీ అనుకున్నాను. పక్కన ఐసు ఫ్యాక్టరీ ఉంది, దాని మోటార్లు ఆన్ అయితే మా బల్బులు కూడా మసకబారతాయి. అలా అయితే రోజూ ఒకే టైముకి ఎక్కి ఒకే టైముకి దిగాలి కదా? నేను గళ్ళ కాగితం మీద గీత గీసుకుంటూ టైములు రాసుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం రెండూ నలభైకి బాగా ఎక్కింది. మర్నాడు మూడున్నరకి. ఆ తర్వాత రోజు నాలుగూ ఇరవైకి. ఏ ఫ్యాక్టరీ రోజుకి నలభై, యాభై నిమిషాలు ఆలస్యంగా తెరుస్తుంది? మిషన్ని ఆరు గంటలు బ్యాటరీ మీద నడిపాను. అదే వరుస. ఎండ వేడేమో అని ఫ్యాను పెట్టాను, తీశాను. తేడా లేదు. ఇంకో స్లాటులో గుచ్చాను. ఇంకో మిషన్లో గుచ్చాను. నా మార్చురీలో ఇంచుమించు ఇలాంటిదే ఇంకో కొలిచే కార్డు ఉంది, ఇప్పుడు దాని పనీ తెలిసింది గనక పక్కన పెట్టి చూశాను. దానిలో పదహారూ పిచ్చి అంకెలే.

ఇది పాత రికార్డు మళ్ళీ వేస్తోందేమో అని మీకు రావచ్చు. హార్డ్ డిస్క్ చచ్చిపోయిందని చెప్పాను కదా, పైగా అంకెలు దాచుకునే చిప్పేదీ కార్డు మీద లేదు.

ఐదో రోజు పదకొండింటికి దరియాలతిప్ప నుంచి ఒకాయన ఫోన్ చార్జింగ్ పిన్ను వేయించుకోడానికి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, పడవ ఉంది. బల్ల మీద గళ్ళ కాగితం చూశాడు.

"ఏటండీ, మీరు పోటు రాసుకుంటన్నారేటి?"

అర్థం కాలేదన్నాను. ఆయన నా గుట్టల్లాంటి గీత ఎక్కే చోట వేలు పెట్టాడు, తర్వాత దిగే చోట. "ఇది పోటండి. ఇది పాటు. ఇయ్యాల ఏకాదశి. పొద్దుగూకే ఏళకి నిండుద్ది, ఆరుకి కొంచెం ముందు. రేపు ఇంకాస్త లేటు. మేం గడియారం చూడవండి, తిథి చూత్తాం."

నేను యానాంలోనే పుట్టాను. గోదారి ఒడ్డునే పెరిగాను. కానీ మా నాన్న ఆఫీసు గుమాస్తా, నాకు సముద్రమంటే ఆదివారం చూసొచ్చేదే. పోటు రోజూ జరుగుతుందని వినడమే గాని, జరిగే టైముకి ఒక లెక్క ఉందని ఈ వయసులో తెలిసింది.

ఎందుకైనా మంచిదని ఈ మిషను ఎవరిదో చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పేరు నూకరాజు. నూకాలమ్మ కొడుకు.

మాస్టారు వాళ్ళింటి వెనక రేవులో ఒక గొట్టం పాతి, అందులో తేలే బెండు పెట్టి, దాన్నుంచి వైరు లాగి ఈ మిషనుకి తగిలించారట. నిండు పోటప్పుడు వచ్చి, రంగు గీతలు గీసిన కర్ర మీద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో కంటితో చూసి, మిషను చెప్పేదానితో సరిపోల్చుకునేవారు. వరద దిగే రోజున పోటు ఎదురైతే యానాం వీధుల్లోకి నీళ్ళొస్తాయి, ఎంత వస్తాయో ఒకరోజు ముందు చెప్పగలిగితే జనం సామాన్లు సర్దుకుంటారని ఆయన ఆశ.

"పిచ్చి మేస్టారొచ్చాడు, నీళ్ళు నిండాయన్నమాట, అనేదండి మా అమ్మ. టీ ఇచ్చేది. అంతేనండి. ఆవిడా పోయింది." ఊళ్ళో మాట అతనికీ తెలుసు. కింద చూస్తూ చెప్పాడు.

ఇప్పుడు వైరు లేకుండానే ఈ అంకెలు వస్తున్నాయంటే నమ్మక, చూసే పోతానని సాయంత్రం దాకా ఉండిపోయాడు. ఆరవడానికి పది నిమిషాలప్పుడు మూడో ఇన్‌పుట్ ఎక్కడం ఆగింది. నూకరాజు తిప్పలో బావమరిదికి ఫోన్ చేశాడు. ఇప్పుడే నిండింది అన్నాడతను. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నేనంత తేలిగ్గా లొంగే రకం కాదు. పోటుకి ఊళ్ళో భూమిలో నీళ్ళు కూడా ఎక్కుతాయి కదా, మా షాపు ఎర్తింగు గొయ్యి తడిసి దాని ప్రభావం కార్డుకి తగులుతోందేమో అనుకున్నాను. మంచి ఆలోచన, ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పరీక్షించాలంటే పోటు రాని చోటికి తీసుకెళ్ళాలి. ధవళేశ్వరం ఆనకట్ట దాటితే పోటు లేదు. రూతమ్మ గారికి చెప్పకుండా మిషన్ని కారులో పెట్టుకుని రాజమండ్రిలో మా బావమరిది ఇంటికి పోయాను. అమావాస్య మర్నాడు పొద్దున్న, మూడో అంతస్తులో, బ్యాటరీ మీద, ఎర్తింగు లేకుండా నడిపాను.

పదింటికి పది నిమిషాలు తక్కువప్పుడు అంకె ఆగింది. నూకరాజుకి ఫోన్ చేశాను. "ఇప్పుడే నిండిందండి. అమాస పోటు కదా, గట్టు దాకా వచ్చింది," అన్నాడు. స్క్రీన్ మీద అంకె కూడా అప్పటిదాకా నేను చూసినవాటన్నిటికంటే పెద్దది. టిఫిన్ చల్లారిపోయింది, ఇంక రావా అని మా బావమరిది మూడుసార్లు పిలిచాడు.

తిరిగొచ్చిన రోజే కనకాలపేట వెళ్ళాను. రూతమ్మ గారికి అంకెల వింత చెప్పాలని కాదు, నూకరాజు చెప్పింది చెప్పాలని. గొట్టం, బెండు, రంగు గీతల కర్ర, టీ. ఆయన ఒక్కో రోజు ఒక్కో టైముకి ఎందుకు వెళ్ళేవారో చెప్పడానికి నా గళ్ళ కాగితం పరిచాను. పోటు రోజుకి రెండుసార్లు నిండుతుందని, ఆ టైము రోజుకి ముప్పావు గంట పైన వెనక్కి జరుగుతుందని చెప్పాను.

ఆవిడ చాలాసేపు కాగితం చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి పెట్టె తెరిచిన చప్పుడైంది. చర్చి క్యాలెండర్లు తెచ్చి నా ముందు పెట్టారు, దారంతో కట్టినవి, పన్నెండు.

దాదాపు ప్రతి తేదీ కింద పెన్సిలుతో సన్నగా టైము రాసి ఉంది. తొమ్మిదిన్నర. మర్నాడు పదీ ఇరవై. ఆ మర్నాడు పదకొండూ పది. అలా సాయంత్రం దాకా జరిగాక రెండు, మూడు రోజులు ఖాళీ. మళ్ళీ పొద్దున ఏడు నుంచి మొదలు.

"ఆయన స్కూటరు తీసిన టైములండి," అన్నారు. "ఎప్పుడోకప్పుడు దొరక్కపోతారా అని రాశాను."

నా కాగితం మీది మెట్లూ ఆ క్యాలెండర్ల మెట్లూ ఒకటే. పన్నెండేళ్ళు ఆవిడ రాసింది పోటు పట్టిక. వాళ్ళది పొలం పనుల కుటుంబం, తిథికీ నీళ్ళకీ ఉన్న లెక్క వాళ్ళింట్లో ఎవరికీ తెలీదు. అదే ఒక్క నెల కాగితం తిప్పలో చేపలమ్మే ఏ ఆడమనిషికి చూపించినా, అమ్మా ఇవి పోటు టైములు అని నవ్వేసేది. సిగ్గుతో ఎవరికీ చూపించలేదన్నారు. ఆవిడ ఏడవలేదు. క్యాలెండర్లు మళ్ళీ దారంతో కట్టారు, ముడి రెండుసార్లు జారింది.

శనివారం కూడికకి నన్నూ సుజాతనీ పిలిచారు. నూకరాజుని కూడా పిలిచారు. పాటలయ్యాక ఆవిడ క్యాలెండర్లు చేత్తో పట్టుకుని లేచారు.

"మా ఆయన నీళ్ళు కొలవడానికే ఎళ్ళేవారండి. ఆ మాట నాకు చెప్పారు. నేను నమ్మలేదు. ఆయన్ని క్షమించమని మూడేళ్ళ బట్టి ప్రార్థన చేస్తన్నాను. క్షమించాల్సింది నన్నండి."

ఇంకేం చెప్పకుండా కూర్చున్నారు. భోజనాల దగ్గర నూకరాజుకి ఆవిడే వడ్డించారు, టీ కూడా ఆవిడే ఇచ్చారు.

చేతులు కడుక్కున్నాక నేను ఆవిడని పక్కకి పిలిచి, అప్పటిదాకా చెప్పని మిగతా సంగతంతా చెప్పాను. వైరు లేకుండా వస్తున్న అంకెలు, రాజమండ్రి తీసుకెళ్ళడం, అన్నీ. అడక్కుండా తీసుకెళ్ళినందుకు తప్పయిందన్నాను. కార్డు ఒక్క నెల నాకిస్తే తెలిసిన ప్రొఫెసరుకి పంపుతాను, పెద్ద మిషన్లలో పెట్టి చూస్తారు అన్నాను. నిజం చెప్పొద్దూ, నోరూరిపోతోంది నాకు.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. అదే నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపెడుతుంది.

"నేను పన్నెండేళ్ళు పరీక్ష పెట్టానండి, ఆయనకి తెలీకుండా," అన్నారు. "ఇంకొద్దు బాబూ. తెచ్చి ఇంట్లో పెట్టెయ్యండి."

మర్నాడే తీసుకెళ్ళి ముందు గదిలో పెట్టి ఆన్ చేసి ఇచ్చాను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. నెలకోసారి ఫ్యాను దుమ్ము దులుపుతానన్న వంకతో వెళ్తుంటాను. వెళ్ళినప్పుడల్లా ఆ ముప్ఫై ఏడు పిన్నులూ వేలితో తడిమి చూస్తాను. వాటికి ఏమీ తగిలించి లేదు. మూడో ఇన్‌పుట్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నూకరాజుకి ఫోన్ చేస్తే నీళ్ళూ అలాగే ఉంటాయి.

కార్డు ఏంటో అడిగితే నేను చెప్పగలను. అది ఎలా కొలుస్తోందో మాత్రం చెప్పలేను. ఇన్నేళ్ళలో నాకు కారణం దొరకని మిషను అదొక్కటే.

మొన్న వెళ్ళినప్పుడు పక్క గోడకి ఈ ఏడాది చర్చి క్యాలెండరు చూశాను. తేదీల కింద పెన్సిలుతో టైములు రాసి ఉన్నాయి. ఆరోజుదింకా రాయలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ ముందు కూర్చుని ఉన్నారు, నన్ను చూసి కాసేపు ఆగమన్నట్టు చెయ్యి చూపించారు.